పక్క ప్లాంటు 12కి వేస్తే మనం 10కి దిగాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ సింగ్‌నగర్. ఆర్‌వో వాటర్ ప్లాంటు నడుపుతున్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ప్లాంటు మునిగి మోటార్లు, ప్యానెల్ బోర్డు, మెంబ్రేన్లు అన్నీ పోతే అప్పు చేసి మళ్ళీ నిలబెట్టాను. 20 లీటర్ల టిన్ను ఇంటికి తెచ్చి వేస్తే 20 రూపాయలు. రోజుకు 400 టిన్నులు పోయేవి. సంక్రాంతి అయ్యాక రెండు వీధుల అవతల ఒకాయన సొంత బిల్డింగులో కొత్త ప్లాంటు పెట్టి 15కే మొదలుపెట్టాడు. రెండు నెలల్లో నావి 250కి పడిపోయాయి. ఒళ్ళు మండి ఒకేసారి 12కి దించి, "ఎవరు ఎంతకిచ్చినా అంతకంటే రూపాయి తక్కువ" అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాను. వారం తిరక్కుండా ఆయనా 12 చేశాడు. మా ఆటో కుర్రాడు, వాళ్ళ కుర్రాడు ఒకే బడ్డీ కొట్టు దగ్గర టీ తాగుతారు కాబట్టి తెలుసు, ఇప్పుడు ఇద్దరికీ చెరో 200 పోతున్నాయి. కరెంటు, మూత, డీజిలు, కుర్రాడి కమీషన్ కలిపి టిన్నుకు 6 రూపాయల ఖర్చు. అద్దె, అప్పు వాయిదా నెలకు 27 వేలు. అన్నీ పోను తొమ్మిది వేలు మిగిలితే గొప్ప. ఎంబీఏ చదువుతున్న మా తమ్ముడేమో ఇది గేమ్ థియరీలో ఖైదీల డైలమా, నువ్వు తగ్గించక తప్పదన్నా అంటున్నాడు. 10కి దింపుదామా? లేక జియోలాగా ఒక నెల ఫ్రీగా పోసి ఆయన్ను మూయించేద్దామా? పోనీ చుట్టుపక్కల ప్లాంట్లవాళ్ళం ఏడుగురం కూర్చుని 20కి తగ్గకూడదని కాగితం రాసుకుంటే కుదురుతుందా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సమాధానం: 10కి దింపకండి. ఫ్రీ ఊసే ఎత్తకండి. ఏడుగురూ కూర్చుని కాగితం రాసుకునే ఆలోచన అయితే ఇవాళే మర్చిపోండి. మీరడిగిన మూడింటికీ జవాబు ఇంతే, కానీ కారణం తెలియకుండా ఊరికే తల ఊపితే రేపు ఆయన ఆటో మీ వీధిలో కనపడగానే మళ్ళీ ఒళ్ళు మండి రేటు మార్చేస్తారు, అందుకని కాస్త ఓపిగ్గా చదవండి. లెక్కలున్నాయి, కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది.

ముందు మీ తమ్ముడి పాఠం సంగతి చూద్దాం. ఒకరి లాభనష్టాలు ఇంకొకరి నిర్ణయం మీద ఆధారపడే పరిస్థితిని ఆటగా తీసుకుని లెక్క కట్టేదే గేమ్ థియరీ. ఈ ఆటను 1950లో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ అనే ఇద్దరు తయారు చేశారు, దానికి జైలు కథ అల్లింది ఆల్బర్ట్ టకర్ అనే ప్రొఫెసర్. కలిసి నేరం చేసిన ఇద్దర్ని పోలీసులు వేరు వేరు గదుల్లో కూర్చోబెడతారు. ఇద్దరూ నోరు విప్పకపోతే చిన్న శిక్షతో బయటపడతారు. ఒకడే చెప్పేస్తే వాడు ఇంటికి, రెండోవాడు ఏళ్ళ తరబడి లోపలికి. ఇద్దరూ చెప్పేస్తే ఇద్దరికీ మధ్యరకం శిక్ష. పక్క గదిలోవాడు ఏం చేసినా సరే, నేను చెప్పేయడమే నాకు మేలు అని ఇద్దరూ ఎవరికి వారు లెక్క వేసుకుని, ఇద్దరూ చెప్పేసి, ఇద్దరూ ఎక్కువే అనుభవిస్తారు. తనొక్కడే నిర్ణయం మార్చుకుంటే ఎవరికీ లాభం లేని ఇలాంటి చోట ఆట ఆగిపోతుంది, దాన్నే నాష్ సమతౌల్యం అంటారు. జాన్ నాష్ ఆ సంగతి చిన్న పేపరుగా అచ్చు వేసింది కూడా 1950లోనే, 1994లో ఆయనకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు ఖైదీల బదులు రెండు ప్లాంట్లు పెట్టండి. మీ పేటలో రోజుకు 400 టిన్నులు కావాలి, అంతే. రేటు తగ్గిందని ఎవరూ రెండు గ్లాసులు ఎక్కువ తాగరు, కాబట్టి ఒకరికి పెరిగిన టిన్ను ఇంకొకరికి తగ్గిన టిన్నే. ఇద్దరూ 20 దగ్గర ఉంటే చెరో 200, టిన్నుకు 14 మిగులు, రోజుకు 2,800. ఒకరు 15కి దిగితే జనం దాదాపు అటే పోతారని పుస్తకం అనుకుంటుంది, సరే, 330 అటు, 70 ఇటు అనుకుందాం. దిగినవాడికి 9 చొప్పున 2,970, దిగనివాడికి 980. ఇద్దరూ దిగితే చెరో 1,800. ఆయన 20 దగ్గర ఉంటే మీరు దిగడం లాభం, ఆయన దిగితే మీరూ దిగడం తప్పనిసరి. ఇదీ మీ తమ్ముడు గీసిన బొమ్మ. ఇది 15 దగ్గరా ఆగదు, ఇదే లెక్కలో 15 నుంచి 12కి, 12 నుంచి 10కి దిగడం కూడా ఆ పూటకి లాభంగానే కనపడుతుంది, చివరికి టిన్ను ఖర్చు 6 దాకా జారుకుంటూ పోతుంది.

తమాషా ఏమిటంటే ఆర్థికశాస్త్రంలో ఇద్దరు పోటీదారుల గురించి లెక్క కట్టిన మొదటి ఉదాహరణే నీళ్ళ వ్యాపారం. 1838లో కూర్నో అనే ఫ్రెంచి ఆయన, పక్కపక్కనే రెండు మినరల్ వాటర్ ఊటలు, ఇద్దరు యజమానులు, నీళ్ళు ఒకే రకం, అప్పుడు రేటు ఎంత దగ్గర నిలుస్తుంది అని అడిగాడు. ఎవరెన్ని నీళ్ళు అమ్మాలో చూసుకుంటారు, ఇద్దరికీ కాస్త లాభం మిగులుతుంది అన్నాడు. 1883లో బెర్ట్రాండ్ అనే ఇంకో ఫ్రెంచి గణితవేత్త, అదెలా కుదురుతుంది, ఒకడు ఒక పైసా తగ్గిస్తే బేరమంతా అటే పోతుంది కదా, రేటు పాతాళానికి పోతుంది అన్నాడు. మీ తమ్ముడు చెప్పేది ఈయన పాట. 1897లో ఎడ్జ్‌వర్త్ అనే ఆయన వచ్చి ఇంకో ప్రశ్న వేశాడు: బేరమంతా అటే పోతుంది సరే, అంతమందికి పోసే తాహతు అవతలివాడికి ఉందా?

ఇక్కడే మీ కథ మొదలవుతుంది. 400 టిన్నులంటే 8,000 లీటర్లు. గంటకు వెయ్యి లీటర్ల ప్లాంటైతే ఎనిమిది గంటలు ఆగకుండా తిరగాలి, మధ్యలో కరెంటు పోకూడదు, మోటారు మొరాయించకూడదు. ఆపైన టిన్ను కడగాలి, నింపాలి, ఆటో ఎక్కించాలి, మూడో అంతస్తుకు మొయ్యాలి. పొద్దున ఆరు నుంచి పదకొండు లోపు అందరికీ కావాలి. ఒక్క ఆటో ఉన్నవాడు మీ పేట మొత్తాన్ని లాగేసుకోలేడు. పుస్తకంలో జనం ఒక్క రాత్రిలో మారిపోతారు గానీ సింగ్‌నగర్‌లో మారరు. టిన్ను డిపాజిట్ మీ దగ్గర ఉంది, వంటింటి గోడ మీద క్యాలెండరులో మీ టిన్నులకే గీతలు కొట్టుకుంటున్నారు, మీ కుర్రాడు ఫోన్ ఎత్తుతాడు, అడక్కుండానే డిస్పెన్సర్ మీద బోర్లించి వెళ్తాడు. నెలకు పది టిన్నులు వాడే ఇంటికి 5 రూపాయల తేడా అంటే 50 రూపాయలు. దానికోసం అందరూ కదలరు.

ఊహ ఎందుకు, మీ ఉత్తరంలోనే ఉంది. ఆయన 15, మీరు 20. రెండు నెలల్లో 400లో 150 పోయాయి, 250 నిలిచాయి. ఆ 250కి టిన్నుకు 14 చొప్పున రోజుకు 3,500. అద్దె, వాయిదా రోజుకు 900 తీసేస్తే 2,600. ఇప్పుడు 12 రేటు మీద 200 టిన్నులు, టిన్నుకు 6, మొత్తం 1,200, 900 పోను 300. అంటే ఆయన వచ్చి కొట్టిన దెబ్బ తర్వాత కూడా మీకు నెలకు 78 వేలు మిగిలేవి, మీరు తిరిగి కొట్టిన దెబ్బతో అది 9 వేలైంది. ఇంకా జనం జారిపోయేవాళ్ళు కదా అంటారు. పోయేవాళ్ళే, ఒప్పుకుంటాను. ఎంతవరకు పోవచ్చో లెక్క వేయండి, 1,200ని 14తో భాగిస్తే దాదాపు 86. మీ 400 టిన్నుల్లో 86 మాత్రమే మిగిలినా 20 దగ్గరే ఇప్పటికంటే అధ్వాన్నంగా ఉండేవారు కాదు.

కాబట్టి మీది ఖైదీల డైలమా కాదు. మీరిద్దరూ కలిసి దాన్ని అలా చేశారు. తమ్ముణ్ణి తిట్టకండి, పేపర్లో మార్కులు వచ్చే జవాబే చెప్పాడు, కాకపోతే ఆ బొమ్మలో నింపాల్సిన అంకెలు మీ నోట్‌బుక్‌లో ఉన్నాయి, తన టెక్స్ట్‌బుక్‌లో లేవు. వ్యాపారంలో గేమ్ థియరీ వాడతామనేవాళ్ళు నూటికి తొంభై మంది పప్పులో కాలేసేది ఇక్కడే: ముందు ఆట పేరు తగిలించి, తర్వాత దానికి సరిపడా లెక్కలు వెతుకుతారు.

ఇంకో సంగతి, అవతలాయన 15కి ఎందుకు మొదలుపెట్టాడో ఆయన కుర్చీలో కూర్చుని చూశారా? ఆయన దగ్గర కొనే ఇల్లు అప్పుడు ఒక్కటీ లేదు. 20కే వేస్తానంటే మీ దగ్గర కొనేవాళ్ళు ఆయన దగ్గరికి ఎందుకు వెళ్తారు? కొత్తగా వచ్చినవాడు తక్కువ రేటుతోనే వస్తాడు, అది మీ మీద పగ కాదు. ఇప్పుడు ఆయనకీ 200 టిన్నులు పోతున్నాయి, ఆయనకీ టిన్నుకు 6 రూపాయలే మిగులుతున్నాయి (ఆయన ఖర్చులూ మీలాంటివే అనుకుంటే), అంటే సంక్రాంతినాటి మనిషి కాదు, ఇప్పుడు ఆయన కోరిక వేరు. ఎదుటివాడు ఏం చేస్తాడో ఊహించాలంటే ముందు ఎదుటివాడికి ఏం మిగులుతుందో లెక్క కట్టాలి. ఈ ఆటలన్నిటిలో నాకు నిజంగా పనికొచ్చేదిగా కనపడేది ఆ ఒక్క అలవాటే.

సరే, 10 సంగతి. టిన్నుకు 4 మిగులుతుంది. ఇప్పుడొచ్చే 1,200 రావాలన్నా 300 టిన్నులు వెయ్యాలి, అంటే ఆయన టిన్నుల్లో సగం మీకు రావాలి. వస్తాయనుకున్నా ఎన్నాళ్ళు? మీ కుర్రాళ్ళు టీ కొట్టు దగ్గర కలిసే లోపే. సాయంత్రానికి ఆయనకు తెలుస్తుంది, పోయినసారి వారం తీసుకున్నాడు, ఈసారి మూడు రోజులు. ఇద్దరూ 10 దగ్గర ఉంటే చెరో 800, మీ ఖర్చు 900. అద్దె మీది, బిల్డింగు ఆయనది. చేతినుంచి పెట్టుకుంటూ ఎవరు ఎక్కువ కాలం నిలబడతారు అనే పోటీ మొదలైతే ఓడిపోయేది మీరే, అది మీకూ తెలుసు.

ఫ్రీ సంగతి ఇంకా ఘోరం. 400 టిన్నులకు 6 చొప్పున 2,400, పైన 900, రోజుకు 3,300, నెలకు 99 వేలు. ఆయనేం చేస్తాడు? మోటారు ఆపి, షట్టరు దించి, నెల రోజులు అత్తారింటికి వెళ్ళొస్తాడు. అద్దె లేదు కదా. జియో 2016 సెప్టెంబరు 5న మొదలై, 2017 మార్చి దాకా ఫ్రీగా ఇచ్చింది, ఆ తర్వాత కొన్ని కంపెనీలు మూతబడ్డాయి, కొన్ని కలిసిపోయాయి, నిజమే. కానీ వాళ్ళకు టవర్లు, స్పెక్ట్రమ్ ముందే కొని పెట్టుకున్న ఖర్చు, ఇంకో మనిషి సిమ్ వేసుకుంటే అదనంగా అయ్యేది చాలా తక్కువ. మీకు ప్రతి టిన్నుకూ 6 రూపాయలు కొత్తగా చేతినుంచి పోతుంది. పైగా టెలికాంలో పోటీదారు వెళ్ళిపోతే ఆ స్థానంలోకి ఇంకొకరు రావాలంటే వేల కోట్లు కావాలి. మీ వీధిలోకి ఇంకో ప్లాంటు రావాలంటే కొన్ని లక్షలు, ఒక బోరు, ఒక ఆటో చాలు. ఈయన్ను మూయించి మీరు రేటు 20 చేసిన మరుసటి నెల ఇంకెవరో రిబ్బన్ కట్ చేస్తారు, అప్పుడు మళ్ళీ నెల ఫ్రీ పోస్తారా? ఎదుటివాడికి ఎక్కడ నమ్మకం కుదరదో అక్కడ బెదిరింపు పనిచెయ్యదు. మీ అప్పు సంగతి పేటలో అందరికీ తెలుసు, అలాంటప్పుడు ఫ్రీగా పోస్తానంటే భయపడేది ఎవరు?

ఏడుగురి కాగితం. పోటీలో ఉన్నవాళ్ళు కూర్చుని రేటు కట్టుకోవడాన్ని 2002 నాటి పోటీ చట్టం మూడో సెక్షన్ ఒప్పుకోదు, నోటిమాటగా అనుకున్నా ఒప్పందమే, సంఘం పేరుతో తీర్మానం చేసినా అంతే. మందుల షాపుల సంఘాల నుంచి సిమెంటు కంపెనీల దాకా కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసింది. మా వీధి నీళ్ళ ప్లాంటు ఢిల్లీలో ఎవరికి కనపడుతుందిలే అనుకోకండి, కాగితం మీద సంతకాలు పెట్టి మరీ సాక్ష్యం తయారు చేసివ్వడం దేనికి? ఆ చట్టంలోనే ఇంకో మెలిక ఉంది. అలా కుమ్మక్కైనవాళ్ళలో మొదట వచ్చి పూర్తి వివరాలు చెప్పినవాడికి జరిమానా నూటికి నూరు శాతం దాకా తగ్గించొచ్చు. పోలీసు గదుల్లో ఖైదీల కథ చెప్పుకున్నాం కదా, అచ్చం అదే, చట్టం రాసినవాళ్ళు కావాలనే పెట్టారు. చట్టం మాట పక్కన పెట్టినా ఆ కాగితం నిలవదు. ఏడుగురిలో ఎవరికో ఒకరికి ఫంక్షన్ హాలు ఆర్డరు తగులుతుంది, "పైకి 20 అని చెప్పు, నాకు 14కి వెయ్యి" అంటాడు ఆ హాలాయన, వేస్తారు. అందరూ అందర్నీ అనుమానించుకుంటూ బతకాలి.

మనుషులు పెరిగేకొద్దీ ఈ ఆట అసలు రూపమే మారిపోతుంది. గుంటూరు మిర్చి యార్డు చూడండి, రేటు బాగుందని ఒక ఏడాది అందరూ మిర్చి వేస్తారు, మరుసటేడు సరుకు వెల్లువెత్తి రేటు పడిపోతుంది, కోల్డ్ స్టోరేజీలు నిండిపోతాయి, అప్పుడు ఆపుకోవాలా అమ్ముకోవాలా అని ప్రతి రైతూ విడిగానే తేల్చుకోవాలి. అంతమందిలో ఎవరు ఎవర్ని చూసి సర్దుకుంటారు? మీకు ఆ కష్టం లేదు. మీ ఆటలో ప్రధానంగా ఇద్దరే, రోజూ ఒకరికొకరు కనపడతారు, రేటు మారిస్తే సాయంత్రానికి తెలుస్తుంది, ఈ ఆట రేపూ ఎల్లుండీ ఉంటుంది. ఒక్కసారి ఆడి లేచిపోయే ఆటకీ దీనికీ పొంతనే లేదు.

1980 ప్రాంతంలో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ అనే ప్రొఫెసర్ ఖైదీల డైలమాను మళ్ళీ మళ్ళీ ఆడించే కంప్యూటర్ పోటీ పెట్టాడు. మొదటిసారి 14 ప్రోగ్రాములు వచ్చాయి, రెండోసారి 62. రెండుసార్లూ గెలిచింది అనటోల్ రాపోపోర్ట్ పంపిన చాలా చిన్న ప్రోగ్రాము: మొదట మంచిగా ఉండు, తర్వాత ఎదుటివాడు పోయినసారి ఏం చేశాడో అదే చెయ్యి. తనంతట తాను గిల్లదు, గిల్లితే ఊరుకోదు, ఎదుటివాడు సర్దుకుంటే వెంటనే మర్చిపోతుంది. మీరు చేసిందేమిటి? ఆయన 15 అంటే మీరు 15 అనలేదు, 12 అన్నారు, పైగా దానికి ఫ్లెక్సీ కట్టించారు. బెజవాడలో పుట్టినరోజుకీ ఫ్లెక్సీనే, పరీక్ష పాసైనా ఫ్లెక్సీనే, సరే, కానీ ఇది మాత్రం ఖరీదైంది. మన చేతులు మనమే కట్టేసుకోవడం కూడా ఒక్కోసారి బలమవుతుందని థామస్ షెల్లింగ్ అనే ఆయన 1960లోనే వివరంగా రాశాడు, వెనక్కి తగ్గే దారి నాకు లేదని ఎదుటివాడికి అర్థమైతే వాడే తగ్గుతాడని. మీరు కట్టేసుకున్నది పెంచే చెయ్యి. ఆయన 12 దగ్గర ఉన్నాడు కాబట్టి ఫ్లెక్సీ ప్రకారం మీరు ఈపాటికి 11కి వెయ్యాలి, ఎవరూ నిలదీయలేదు, అదృష్టం. ఇవాళ రాత్రే దింపించేయండి.

తర్వాత పని, వచ్చే నెల ఒకటో తారీకు నుంచి 15 చెయ్యండి. ఒక్కసారే 20కి వెళ్ళొద్దు. ఆయనతో మాట్లాడొద్దు, కబురు పంపొద్దు, ఎవరితోనూ ఒప్పందం లేకుండా మీ రేటు మీరు పెంచుకోవడం మీ ఇష్టం. పది రోజుల ముందు నుంచి టిన్నుతో పాటు చిన్న చీటీ ఇవ్వండి, కారణం ఒక్క ముక్కలో రాయండి, చాలు. 15 అయితే టిన్నుకు 9. ఇప్పటి 1,200కి 134 టిన్నులు చాలు, అంటే 200లో 66 పోయినా మీకు నష్టం లేదు. 5 రూపాయల తేడా ఉన్నప్పుడే రెండు నెలల్లో 400కి 150 పోయాయి, ఇప్పుడు తేడా 3. ఆయన వైపు నుంచి చూడండి: 12 దగ్గరే ఉండి మీకు తగ్గిన 66 టిన్నులూ పట్టుకున్నా 266కి 6 చొప్పున 1,596. ఆయన కూడా 15కి వస్తే 200కి 1,800, పైగా మొయ్యాల్సిన టిన్నులు తక్కువ, డీజిలు తక్కువ. వెంటనే రాకపోవచ్చు. మీ మీద ఆయనకీ కోపం ఉండి ఉంటుంది, మీరు ఆయన కడుపు కొట్టాలని చూశారనే అనుకుంటాడు మరి. నెలా రెండు నెలలు ఓపిక పట్టండి.

ఈలోగా, రేటు తప్ప మీ ఇద్దరి మధ్య ఇంకే తేడా కనపడకపోతే జనం రేటే చూస్తారు, వాళ్ళ తప్పు కాదు. నీళ్ళు మంచివో కావో కంటికి కనపడదు. నాణ్యత తెలియని చోట నాసిరకం సరుకు మంచి సరుకును ఎలా తరిమేస్తుందో 1970లో జార్జ్ అకెర్లాఫ్ సెకండ్ హ్యాండ్ కార్లతో చూపించాడు. కాబట్టి మంచివని చూపించాలి, ఎలా చూపించాలంటే, నిజంగా మంచిది చేసేవాడు మాత్రమే భరించగలిగే ఖర్చుతో. మీ కుర్రాళ్ళు జేబులో పెట్టుకుని తిరిగే టీడీఎస్ మీటరు అందుకు పనికిరాదు, అది కరిగిన లవణాలు చెబుతుందే గానీ క్రిములున్నాయో లేదో చెప్పదు, పైగా అది ఆయన దగ్గరా ఉంటుంది. నెలనెలా ల్యాబులో బ్యాక్టీరియా పరీక్ష చేయించి ఆ రిపోర్టు తేదీతో సహా ప్లాంటు గోడకు అంటించండి, మెంబ్రేన్ మార్చిన తేదీ పక్కన రాయండి. గీతలు పడి, అడుగున పచ్చగా పాచి పట్టిన పాత టిన్నులు ఉంటే తీసి పారేయండి. ఆడవాళ్ళు మొదట చూసేది టిన్ను అడుగే, మీరు ఎన్ని రిపోర్టులు అంటించినా ఆ పచ్చదనం ఒక్కటి చాలు వాళ్ళు ప్లాంటు మార్చేయడానికి. వరద రోజుల్లో మీ పేటలో మంచినీళ్ళ కోసం ఎంత అల్లాడారో వాళ్ళకు గుర్తుంది, నీళ్ళ విషయంలో జనం మర్చిపోరు.

ముప్పై టిన్నులకు ముందే డబ్బు కట్టేవాళ్ళకు కూపన్ పుస్తకం ఇచ్చి ఒకటి రెండు టిన్నులు అదనంగా వెయ్యండి, చేతిలో కూపన్లున్న ఇల్లు పక్క ఆటోను పిలవదు. ప్లాంటు దగ్గరికే వచ్చి పట్టుకెళ్ళేవాళ్ళకు ఇంకో రేటు పెట్టుకోవచ్చు, వాళ్ళకు మీ డీజిలు ఖర్చవదు కదా. ముహూర్తాల సీజన్లో కూలింగ్ క్యాన్ల ఆర్డర్లు ఆయనకంటే ముందు పట్టుకోండి, అక్కడ చూసేది టైముకు వచ్చిందా లేదా అని, రూపాయి కాదు.

వరదలో పోయినదాన్ని మాత్రం ఈ లెక్కల్లోకి తేకండి. అది రాబట్టాలనే కసితోనే మీరు 12కి దిగారని నాకు అనుమానం. వాయిదా 10కి అమ్మినా కట్టాలి, 20కి అమ్మినా కట్టాలి.

15 చేసిన రోజు నుంచి ఇళ్ళ టిన్నులు ఒక పేజీలో, హోటళ్ళు, టిఫిన్ సెంటర్ల టిన్నులు ఇంకో పేజీలో రాయించండి, కలిపెయ్యొద్దు. ఇళ్ళు మెల్లగా మారతాయి, రోజుకు పదిహేను టిన్నులు కొనే టిఫిన్ సెంటరాయన మాత్రం మూడు రూపాయల తేడాకి మర్నాడే మారతాడు, కాబట్టి మొదటి వారంలో టిన్నులు గబుక్కున తగ్గితే కంగారుపడకుండా ఏ పేజీలో తగ్గాయో చూడండి. హోటళ్ళ పేజీలో అయితే వాళ్ళకు విడిగా రేటు మాట్లాడుకోవచ్చు. ఇళ్ళ పేజీలోనే తగ్గి, నెలన్నరకు మొత్తం 134 కంటే కిందికి పోతే 12కి తిరిగి వచ్చేయండి, పోయేదేమీ లేదు, అప్పుడు ఆ రెండు పేజీలూ ఫోటో తీసి నాకు మళ్ళీ రాయండి. అవతలాయన హోటళ్ళకు ఎంతకు వేస్తున్నాడో మీ కుర్రాణ్ణి అడిగి అది కూడా రాయండి, ఈ ఉత్తరంలో ఆ ముక్క లేదు.